అప్పు లేకుండా ఇంట్లో శుభకార్యం చేయడం ఎలా: మా సిక్కోలు వైపు లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికైనా వెళ్లి, అప్పుల్లో ఉన్న కుటుంబాన్ని "ఈ అప్పు ఎక్కడ మొదలైంది?" అని అడగండి. బియ్యం కొనడానికి మొదలైందని చెప్పేవాళ్లు తక్కువ. పెద్దమ్మాయి పెళ్లి, చిన్నమ్మాయి ఓణీల ఫంక్షన్, ఊళ్లో అమ్మవారి సంబరం, ఇంటి శ్లాబు, ఆసుపత్రి అంటారు. వీటిలో ఆసుపత్రి ఒక్కటే చెప్పాపెట్టకుండా వస్తుంది. మిగతావన్నీ ఎప్పుడొస్తాయో ఏళ్ల ముందే తెలుసు. ఆడపిల్ల పుట్టిన రోజునే పెళ్లి ఖర్చు గురించి మాట్లాడుకుంటాం, ఆ మాట మీద ఇరవై ఏళ్లు రూపాయి పక్కన పెట్టం, చివరి మూడు నెలల్లో నోటు రాసి డబ్బు తెస్తాం.

ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన ఖర్చుకి అప్పు చేయకూడదు. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది. రోజూ తాగే టీ మానేయమని చెప్పబోవడం లేదు. పది రూపాయల టీ ఏడాదంతా మానేస్తే మూడు వేల చిల్లర మిగులుతుంది. ఒక్క ఫంక్షన్లో చేయి జారితే మూడు లక్షలు పోతాయి. మన ఇళ్లను కూలదోసేది ఈ రెండోదే కాబట్టి ముందు దాన్ని పట్టుకోవాలి.

1. ఉన్న అప్పుని ఏడాది లెక్కలోకి మార్చండి

మన దగ్గర వడ్డీని నెలకి, నూటికి చెప్పుకుంటాం. "రెండు రూపాయల వడ్డీ" అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది 24 శాతం. మూడు రూపాయలైతే 36. అత్యవసరంలో పది రూపాయల వడ్డీకి తెచ్చుకున్నది ఏడాదికి 120 శాతం, అంటే ఏడాది తిరక్కుండానే అసలంత వడ్డీ అవుతుంది. మీ ఇంట్లో ఉన్న ప్రతి అప్పునీ ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎవరి దగ్గర, ఎంత, ఏ తేదీన, ఎన్ని రూపాయల వడ్డీకి. పక్కన దాన్ని పన్నెండుతో హెచ్చవేసి ఏడాది శాతం రాయండి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ప్రాంసరీ నోటు మీద కోర్టుకి వెళ్లే గడువు మామూలుగా మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండే ముందు అప్పిచ్చినాయన నోటు తిరగరాయమంటాడు. అప్పటిదాకా అయిన వడ్డీ ఆ కొత్త నోటులో అసలైపోతుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష మూడేళ్లలో 1,72,000 అవుతుంది. దానికే కొత్త నోటు రాస్తే ఇంకో మూడేళ్లకి 2,95,840. పెళ్లికి లక్ష తెచ్చి, ఆరేళ్లలో పైసా కట్టలేకపోయిన ఇంటికి దాదాపు మూడు లక్షల అప్పు మిగిలినట్టు. సగం ఎకరం పొలం ఎలా పోయిందో అర్థం కాని కుటుంబాలకి ఈ తిరగరాతలోనే జవాబు దొరుకుతుంది.

కాబట్టి కొంచెం కొంచెమైనా కడుతూ ఉండండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక తేదీతో చెల్లు రాయించుకోండి. ఎంత నమ్మకమైన మనిషైనా సరే. పూర్తిగా తీరిన రోజు నోటు చేతిలోకి తీసుకున్నాకే లేవండి.

ఇంట్లో బంగారం ఉంచుకుని బయట రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీ కడుతున్నారా? అది నష్టం. చాలా బ్యాంకుల్లో బంగారం మీద అప్పు రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. బ్యాంకులో కుదువపెట్టి బయటి నోటు తీర్చేయండి. నెలకు కట్టే వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది, ఆ తగ్గినదాన్ని అసలుకి కట్టవచ్చు. అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుని ముందు తీర్చండి, ఎక్కువ మొహమాటం ఉన్న అప్పుని కాదు.

2. డబ్బు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఒకే కాగితం మీద పెట్టండి

ఉద్యోగస్తులకి ఒకటో తారీఖు ఉంటుంది. మన వైపు చాలామందికి ఆదాయం ఏడాదికి ఒకటి రెండు సార్లే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. వరి డబ్బు సంక్రాంతికి అటూ ఇటూగా వస్తుంది. శ్రీకాకుళం జిల్లా తీరం వైపున్న ఉద్దానంలో జీడి డబ్బు వేసవిలో. హైదరాబాదులోనో చెన్నైలోనో పనికెళ్లిన పిల్లలు పండక్కి వచ్చేటప్పుడు తెచ్చేది ఇంకొకటి. సముద్రం మీద బతికే ఇళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ వల ఒడ్డునే ఉంటుంది.

ఖర్చులకీ నెలలున్నాయి. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు. జూన్, జూలైలో దుక్కి, విత్తనం, నాట్లు. దసరా, దీపావళి. విజయనగరం వాళ్లకైతే దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఇంటినిండా చుట్టాలు. తర్వాత సంక్రాంతి.

గోడకున్న క్యాలెండర్ తీసి పన్నెండు నెలలకీ రెండు వరుసలు రాయండి, పైన వచ్చేది, కింద పోయేది. ప్రమాదం ఎక్కడుందో మీకే కనబడుతుంది. ఏడాది మొత్తంలో పెద్ద డబ్బు చేతికందేది సరిగ్గా పండగ వారంలోనే. కొత్త బట్టలు, అల్లుడు, మాంసం, షాపుల ఆఫర్లు అన్నీ అప్పుడే ఉంటాయి. జనవరిలో చేయి బరువుగా ఉంటుంది, జూన్‌లో విత్తనాలకి అప్పు అడుగుతాం. ఇది బుద్ధి తక్కువై జరిగేది కాదు, డబ్బు వచ్చే వేళ అలాంటిది. అందుకే వచ్చిన రోజునే విడదీయాలి, మర్నాటికి ఉంచకూడదు.

3. వచ్చిన రోజే మూడు వాటాలు

మొదటి వాటా వచ్చే పంట పెట్టుబడికి, లేదా పని లేని నెలల తిండికి. రెండోది తేదీ తెలిసిన ఖర్చులకి: ఫీజులు, పెళ్లి, సంబరం, ఇల్లు. మూడోది ఇల్లు గడవడానికి. పండగ ఈ మూడో వాటాలోంచే జరగాలి.

మొదటి రెండు వాటాలకి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. జన్‌ధన్ ఖాతాలాంటి కనీస నిల్వ అక్కర్లేని ఖాతా చాలు. దానికి ఫోన్‌పే, గూగుల్‌పే కలపకండి, ఏటీఎం కార్డు తీసుకోకండి. తీయాలంటే పాస్‌బుక్ పట్టుకుని బస్సెక్కి నరసన్నపేటకో చీపురుపల్లికో వెళ్లాల్సి వస్తే, ఆ దారిలోనే సగం ఖర్చులు అనవసరమని తోస్తుంది.

నెలనెలా కూలి, జీతం వచ్చేవాళ్లకి పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ మంచిది. నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టవచ్చు, గడువు అయిదేళ్లు. నెలకు 2,000 కడితే అయిదేళ్లకి అసలే 1,20,000, వడ్డీ పైన. మధ్యలో అవసరం పడితే ఏడాది కట్టాక అందులో సగం దాకా అప్పు తీసుకునే వీలుంది కాబట్టి ఖాతా మూసేయక్కర్లేదు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు, 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకి డబ్బు చేతికొస్తుంది. పిల్లకి పద్దెనిమిదేళ్లు నిండాక చదువుకి కొంత తీసుకోవచ్చు. నన్నడిగితే ఆ డబ్బు పెళ్లికంటే చదువుకి వాడమంటాను.

పలాస జీడిపప్పు బట్టీల్లో, జూట్ మిల్లుల్లో, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకి డ్వాక్రా సంఘం ఉండనే ఉంది. దాని మీద ఒక్కటే మాట. సంఘం అప్పు గేదెకో, కుట్టుమిషన్‌కో, చిన్న కొట్టుకో వాడితే అదే తీర్చుకుంటుంది. ఫంక్షన్‌కి వాడితే మీ కిస్తీ మీరు కట్టలేక తోటి సభ్యుల ముందు తల వంచుకోవాల్సి వస్తుంది.

ఊళ్లో చీటీలు వేసేవాళ్లు రిజిస్టరైన చీటీయో కాదో అడిగి, కాగితం చూసి వేయండి. బ్యాంకు కంటే రెండింతలు వడ్డీ ఇస్తామని ఇంటింటికీ తిరిగి వసూలు చేసే కంపెనీల జోలికి వెళ్లకండి. బ్యాంకు మూతపడినా ఒక్కో డిపాజిటరుకి 5 లక్షల దాకా బీమా రక్షణ ఉంది. ఈ వసూళ్లకి అలాంటిదేమీ లేదు.

4. పెళ్లి: ముందు డబ్బు, తర్వాత జాబితా

ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడుకోవాలి.

మామూలుగా మనం ఏం చేస్తాం? జాబితా రాస్తాం, మొత్తం వేస్తాం, తక్కువైనదానికి అప్పు వెతుకుతాం. దీన్ని తిరగేయండి. ముహూర్తం అనుకోవడానికి ముందే ఇంట్లో పెద్దవాళ్లు, పెళ్లి చేసుకునే పిల్ల లేదా పిల్లాడు అందరూ కూర్చుని చేతిలో ఎంత ఉందో తేల్చండి. ఖాతాలో ఉన్నది, పెళ్లిలోగా కచ్చితంగా వచ్చేది, అంతే. వస్తుందేమోననుకునేది రాయవద్దు. చదివింపులు అసలు రాయవద్దు. చదివింపులంటే తిరిగి పెట్టాల్సిన డబ్బు, పుస్తకంలో పేరూ అంకే రాసుకునేది అందుకే. తేలిన మొత్తంలో నూటికి పది పక్కన తీసి, మిగిలినదాంట్లోనే పెళ్లి అనుకోండి. ఆ పది పెళ్లివారంలో తప్పకుండా అవసరమవుతుంది.

తర్వాత మనుషుల సంఖ్య. పెళ్లిలో ప్రతి ఖర్చూ దీని మీదే పెరుగుతుంది: భోజనం, కల్యాణమండపం సైజు, కుర్చీలు, బస్సులు, తాంబూలం సంచులు. ఒక విస్తరికి 250 పడుతుందనుకుందాం, మీ ఊరి ధర మీరు వేసుకోండి. 800 మందికి రెండు లక్షలు. 500 మందికి 1,25,000. తేడా 75,000. ఆ 75,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మూడేళ్లకి తీరిస్తే 1,29,000 కట్టాలి. ఎక్కువ పిలిచిన ఆ మూడువందల మందిలో పెళ్లికూతురి పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారో ఆలోచించండి.

పేర్లు రాసేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. కష్టంలో మన ఇంటికి వచ్చినవాళ్లు, వాళ్ల కష్టంలో మనం వెళ్లినవాళ్లు ముందు. ఊరు ఊరంతా పిలవాల్సిన చోట పిలవండి, పల్లెలో అది మానుకోలేం. టౌనులో ముఖపరిచయం ఉన్నవాళ్లందరికీ కార్డు పంచడం మాత్రం మానుకోవచ్చు.

వియ్యాలవారితో ఈ మాట మొదటి వారంలోనే మాట్లాడాలి. ఆలస్యమయ్యేకొద్దీ నోరు రాదు. ఇలా చెప్పండి: "బావగారూ, దాచిందాంట్లో మేము అయిదు వందల మందికి భోజనం పెట్టగలం. అంతకు మించితే అప్పు చేయాలి, అది రేపు పిల్లల మీదే పడుతుంది. మీ వైపు నుంచి రెండు వందలు అనుకుందామా?" ఇలా ముందే చెప్పినవాళ్లని తక్కువగా చూసేవాళ్లుంటే, ఆ ఇంటికి పిల్లనివ్వాలా వద్దా అన్నది మళ్లీ ఆలోచించుకోవాల్సిన విషయం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని చట్టం చేసింది 1961లో. అయినా కట్నం కోసం పొలాలు అమ్ముతూనే ఉన్నాం. పొలం అమ్మి చేసే ఏ శుభకార్యమూ వద్దు. పొలం ఏటా తిండి పెడుతుంది, అమ్మాక వచ్చే పంట కూడా పోయినట్టే.

మిగతా ఖర్చుల్లో పదేళ్ల తర్వాత ఇంట్లో ఏం మిగులుతుందని చూసుకోండి. స్టేజీ డెకరేషన్, డీజే, బాణసంచా, ఫ్లెక్సీలు, ప్రీవెడ్డింగ్ షూట్, డ్రోన్ తెల్లారేసరికి అయిపోతాయి. మంచి ఫొటోలు కావాలి, ఒక ఫొటోగ్రాఫరు, ఒక ఆల్బం చాలు. అందరికీ బట్టలు పెట్టే దగ్గర వదినకి, మరదలికి ఎవరూ కట్టని చవక చీరలు ముప్పై కొనేకంటే, దగ్గరివాళ్లకే మంచివి పెట్టి మిగతావాళ్లకి బొట్టు పెట్టి తాంబూలం ఇస్తే చాలు. సారె సామానులో కూడా అంతే. పేరుకి డజను రకాల స్టీలు గిన్నెలు కాకుండా మన బుడితి ఊళ్లో చేసే ఇత్తడి బిందె ఒకటి పెట్టండి. ముప్పై ఏళ్లు వాడతారు, ఆ తర్వాత తూకానికి వేసినా డబ్బొస్తుంది.

బంగారం కొనేటప్పుడు నగ ఎంత పనితనంగా ఉందో కాకుండా తరుగు, మజూరీ ఎంతో ముందు అడగండి. అవి రెండూ కలిసి నూటికి పదిహేను అయితే లక్ష రూపాయల బంగారానికి 15,000 షాపులోనే ఉండిపోయాయి, పైన 3 శాతం జీఎస్టీ. రాళ్ల నగని కుదువపెట్టేటప్పుడు రాళ్ల బరువు తీసేసి లెక్కవేస్తారు. సాదా గాజులు, సాదా గొలుసు మంచివి. హాల్‌మార్క్‌తోపాటు హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి విడిగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూసి, బిల్లు తప్పకుండా తీసుకోండి. ఆ బిల్లే బ్యాంకులో పనికొస్తుంది.

రద్దీ ముహూర్తాల రోజుల్లో మండపం, వంటవాళ్లు, బస్సులు అన్నీ రేటు పెంచుతాయి. పంతులుగారిని వారం మధ్యలో ముహూర్తం చూడమనండి. సింహాచలంలోనో అన్నవరంలోనో కొండ మీద పెళ్లి చేసి, ఊరొచ్చి ఒక పూట అందరికీ కమ్మగా భోజనం పెట్టేవాళ్లున్నారు. ఎవరూ వాళ్లని వేలెత్తి చూపలేదు.

వంట కాంట్రాక్టరుతో ఎన్ని విస్తళ్లు, ఏమేం వడ్డించాలి, ఒక్కోదానికి ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. తిన్న విస్తళ్లు లెక్కపెట్టడానికి ఇంటి కుర్రాణ్ణి నిలబెట్టండి. ఇరవై రకాలు పెడితే పది విస్తట్లోనే మిగులుతాయి. పప్పు, పులిహోర, రెండు కూరలు, పచ్చడి, ఒక స్వీటు, పెరుగు. తిన్నవాళ్లు కడుపు నిండి వెళతారు.

చివరగా, డబ్బు సంచి ఒక్కరి దగ్గరే ఉండాలి, పద్దు పుస్తకం కూడా ఒక్కటే. బావమరిది ఒక చోట అడ్వాన్సు, చిన్నాన్న ఇంకో చోట అడ్వాన్సు ఇస్తే పెళ్లయ్యేసరికి ఎవరికెంత ఇవ్వాలో తేలదు. "వద్దు" అనాల్సిన చోట అనగలిగే మనిషికే ఆ పని అప్పగించండి. చాలా ఇళ్లలో ఆ మనిషి మేనత్తో, పెద్దమ్మో అయి ఉంటుంది.

5. ఊరి సంబరానికి ఒంటరిగా తగ్గించుకోలేరు

మన ఊళ్లలో గ్రామదేవత సంబరం కొన్నేళ్లకొకసారి వస్తుంది. ఆడపిల్లలు, అల్లుళ్లు, వాళ్ల చుట్టాలు అందరూ వస్తారు, ప్రతి ఇంట్లోనూ వేటమాంసం ఉడుకుతుంది. మన ఊరికి అందమైన రోజులవి, వాటిని మానుకోమని నేను అనను. మన ఇంట్లో మాత్రమే తగ్గిస్తే పరువు పోతుందన్న భయం కూడా నిజమైనదే. అందుకే ఊరి పెద్దల దగ్గర, యువజన సంఘం దగ్గర ఏడాది ముందే మాట ఎత్తాలి. ఇంటికి చందా ఎంత, బాణసంచాకి, డీజేకి గరిష్ఠంగా ఎంత అన్నది ఊరంతా కలిసి తీర్మానిస్తే ఏ ఒక్క ఇంటి మీదా మాట పడదు. అన్నదమ్ములు విడివిడిగా వండకుండా ఒకే పొయ్యి మీద వండుకోవడం ఇంకో పద్ధతి. సంబరం అయిన నెల నుంచే వచ్చే సంబరానికి నెలకింత అని వేరే ఖాతాలో వేయండి.

6. వీటిలో కోత పెట్టకండి

పిల్లల గుడ్డు, పాలు, పప్పు. ఆడపిల్ల చదువు. బీపీ, షుగరు మాత్రలు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్లయితే కిడ్నీ పరీక్ష కూడా. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో ఏడాదికోసారైనా చూపించుకోండి. ఆ డబ్బు మిగుల్చుకుందామనుకుంటే జబ్బు ముదిరాక డయాలసిస్‌కి వారానికి రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది, కూలీ పోతుంది. మంచి నీళ్ల డబ్బాకి పెట్టేది కూడా ఈ జాబితాలోదే.

బ్యాంకులో రెండు బీమాలున్నాయి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి, ప్రమాదంలో పోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. రెండింటికీ ఏడాది జూన్ 1న మొదలవుతుంది, మే నెలాఖరులోగా ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. వలస వెళ్లే ప్రతి మనిషికీ ఇవి ఉండి తీరాలి.

తుపాను డబ్బు కూడా వేరే ఉండాలి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఏళ్లు పెంచిన కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచండి. పాస్‌బుక్కులు, పట్టాదారు పుస్తకం, ఆధార్ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి అటక మీద పెట్టండి.

7. కిస్తీలు, యాప్‌లు

బండి గానీ టీవీ గానీ వాయిదాల్లో కొనే ముందు ఒక్క లెక్క వేయండి. నెల కిస్తీని నెలలతో హెచ్చవేసి, ముందు కట్టేది కలిపి, నగదు ధర తీసేయండి. మిగిలినదే మీరు తొందరకి కట్టే ధర. ఆధార్ ఫొటో పెడితే అయిదు నిమిషాల్లో డబ్బిస్తామనే లోన్ యాప్‌లు ఫోన్లో వేయకండి, మీ ఫోన్లో ఉన్న నంబర్లన్నీ వాళ్ల చేతికి పోతాయి. ఇంట్లో కుర్రాళ్లు బెట్టింగ్ యాప్‌లు వాడుతున్నారేమో కోప్పడకుండా అడిగి తెలుసుకోండి. కోప్పడితే దాస్తారు, అప్పు బయటపడేసరికి ఆలస్యమైపోతుంది.

8. పని అయ్యాక వారంలో పద్దు ముగించండి

పదహారు రోజుల పండగ దాకా ఆగకండి. సామాన్ల అద్దె, వంటవాళ్ల బాకీ, బస్సు బాకీ ఒకే రోజు కూర్చుని తీర్చి, ప్రతి దాని పక్కన తేదీ వేయండి. చదివింపుల పుస్తకం వేరే శుభ్రంగా రాసి, ఎవరింట్లో ఏ కార్యం ఎప్పుడు రాబోతోందో తెలిసినంతలో పక్కన గుర్తు పెట్టండి, ఆ డబ్బు కూడా క్యాలెండర్‌లోకి ఎక్కాలి. అనుకున్న అంకెకీ అయినదానికీ తేడా ఎక్కడ వచ్చిందో ఇంట్లో అందరూ చూడండి. పక్కన పెట్టిన నూటికి పదిలో ఏమైనా మిగిలితే అదే వారం ఖాతాలో వేసేయండి. పద్దు పుస్తకం బీరువాలో దాచండి, రెండో పిల్ల పెళ్లికి ముందు అందరూ కూర్చున్న రోజున దాన్నే బయటికి తీయాలి.